స్పీకర్లో దూరిన కరెంటు మోత

పాట ఆగినా స్పీకరు ఆగదు. ఎవరో శ్రుతిపెట్టె కట్టేయడం మరిచిపోయినట్టు గుయ్‌మంటూనే ఉంటుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ ఊపు ఆంప్లిఫయర్లోకి దూరితే వినిపించే మంద్రస్వరం అది.

హోమ్ థియేటర్ కొన్నవాళ్లు ముందుగా తిట్టేది ఆంప్లిఫయర్‌నే. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. ఆంప్లిఫయర్ ఒక గోడ సాకెట్లో, కంప్యూటర్ ఎదుటి గోడ సాకెట్లో ఉంటాయి. వాటి ఎర్తు తీగలు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకచోట కలుస్తాయి. రెండింటి మధ్య ఆడియో కేబుల్ తగిలించగానే చుట్టు పూర్తవుతుంది. ఎర్తుల మధ్య వోల్టులో వెయ్యోవంతు తేడా ఉన్నా చాలు, ఆ చుట్టులో కరెంటు పారి పాటతో పాటు తానూ పెద్దదవుతుంది. డాబా మీది డిష్ నుంచి దిగే తీగ కూడా ఇలాంటి దొంగదారే. దాన్ని సెట్‌టాప్ బాక్సు నుంచి ఊడదీసి వింటే సంగతి తేలిపోతుంది.

ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను తీసేసినా మోత పోతుంది. దానితో పాటు రక్షణా పోతుంది. లోపల ఫేజు తీగ ఊడి ఇనప పెట్టెకు తగిలితే, పెట్టె 230 వోల్టులతో చేతి కోసం ఎదురుచూస్తుంది.

ఇంకొందరు ఆడియోకి ‘శుద్ధమైన’ ఎర్తు కావాలని పెరట్లో వేరే గుంట తవ్విస్తారు. ఉప్పు, బొగ్గు వేసి, ఇంటి ఎర్తుతో కలపకుండా వదిలేస్తారు. ఇది మరీ ప్రమాదం. ఆ గుంట నిరోధం 10 ఓములనుకుందాం. ఫేజు పెట్టెకు తగిలితే పారే కరెంటు 23 ఆంపియర్లకు మించదు. 16 ఆంపియర్ల సి-రకం ఎంసీబీ (బ్రేకరు) తక్షణం పడిపోవాలంటే కనీసం 80 ఆంపియర్లు కావాలి. అంటే బ్రేకరు పడకుండానే పెట్టె షాక్ కొడుతుంది. పైగా పిడుగు పడినప్పుడు రెండు ఎర్తుల మధ్య పుట్టే వోల్టేజీ భారమంతా సన్నటి ఆడియో కేబుల్ మీద పడుతుంది.

పనికొచ్చే పద్ధతి ఇంతకన్నా చవక. ఇంటి మెయిన్ డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డీబీ) నుంచి ఆడియో ర్యాక్ దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు మూడు, ఫేజు, న్యూట్రల్, ఎర్తు, విడిగా లాగించాలి. 16 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఆర్‌సీసీబీ స్వల్ప లీకేజీకే పడిపోతుంది. టీవీ, ప్లేయరు, ఆంప్లిఫయర్ అన్నీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే ఎర్తుల మధ్య తేడా దాదాపు మాయమవుతుంది. అంతకు మించి మహిమలేమీ ఆశించకూడదు. వేల రూపాయల పవర్ కార్డు కొనేవాళ్లు వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటిదాకా వచ్చే మామూలు అల్యూమినియం తీగను ఒకసారి తలెత్తి చూడాలి.

అప్పటికీ కంప్యూటర్ నుంచి గుయ్‌మంటుంటే ఆడియో లైన్లో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు. అందులోని రెండు తీగచుట్టల మధ్య లోహపు అతుకు ఉండదు. పాట అయస్కాంత క్షేత్రం మీదుగా దాటుతుంది, ఎర్తు కరెంటుకు దారి దొరకదు.