సైకిలు బాటసారులు

చలికాలం వచ్చిందంటే అరకు ఘాట్ రోడ్డు మీద సైకిళ్ళు కనిపిస్తాయి. ఇవి పాలు మోసే సైకిళ్ళు కావు. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి సంచులు వేలాడుతుంటాయి. వాటి మీద చుట్ట చుట్టిన గుడ్డ ఉంటుంది. అది డేరా. తొక్కేవాళ్ళ నెత్తిన గట్టి టోపీ ఉంటుంది. కింద పడితే తలకు దెబ్బ తగలకుండా కాపాడే టోపీ అది.

"బస్సులుండగా ఈ కొండ ఎందుకు తొక్కుతున్నారు? పిచ్చి కాకపోతే!" అని దారిలో నవ్వేవాళ్ళున్నారు. అడగవలసిన ప్రశ్నే.

విశాఖపట్నం నుంచి అరకుకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక కొండ మొదలవుతుంది. అరకు లోయ సముద్రం కంటే 900 మీటర్ల ఎత్తున ఉంది. బస్సెక్కితే కొన్ని గంటల్లో చేరిపోతాం. సైకిలు మీద పొద్దంతా పడుతుంది. కాని బస్సులో కునుకు తీసేవాళ్ళకు కనబడనివి వీళ్ళకు కనబడతాయి. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన మిరియాల తీగ, పొలం నిండా వలిసె పూల పసుపు, లోయలోంచి పైకి లేచే మంచు. వాటికోసమే ఈ చెమట.

కొందరు అరకుతో ఆగరు. డుంబ్రిగుడ మీదుగా ముంచింగిపుట్టు దాకా వస్తారు. ఈ మండలం 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ఇక్కడి నుంచి ముందుకు పోతే మాచ్‌ఖండ్ ఏటి మీద జోలాపుట్టు ఆనకట్ట వస్తుంది. ఆ ఏటి నీళ్ళతో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. ఆంధ్ర, ఒడిశా రెండూ ఆ కరెంటు పంచుకుంటాయి. ఆ ఏటి మీదే డుడుమ జలపాతం ఉంది. దాదాపు 175 మీటర్ల పైనుంచి నీళ్ళు దూకుతాయి.

కొండ ఎక్కడానికి ఒక కిటుకుంది. ఈ సైకిళ్ళ వెనక చక్రానికి చిన్నవీ పెద్దవీ పళ్ళచక్రాలు చాలా ఉంటాయి. చైను పెద్ద పళ్ళచక్రం మీదికి మారిస్తే తొక్కడం తేలిక. కాని బండి మెల్లగా పోతుంది. ఎక్కడం కష్టమే గాని, ప్రమాదం దిగడంలో ఉంది. బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము కాలిపోతుంది. ట్యూబు పేలవచ్చు. అందుకే కాసేపు పట్టి, కాసేపు వదులుతారు. ముందు పోయే మనిషి గుంట కనబడగానే చెయ్యి కిందికి చాపి చూపిస్తాడు. ఆ చేతిని నమ్మే వెనకవాళ్ళు దిగుతారు.

జట్టులో ఇంకొక పద్ధతి ఉంది. బాగా తొక్కగలిగిన మనిషిని అందరికన్నా వెనక ఉంచుతారు. నీరసపడినవాళ్ళు ఒంటరిగా మిగిలిపోకూడదు కదా! కట్టెలకూ అడ్డాకులకూ జట్టుగా అడవికి పోయే ఆడవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

సాయంత్రం డేరా వేశాక అసలు ముచ్చట్లు మొదలవుతాయి. ఒకరు నీళ్ళు తెస్తారు. ఒకరు బియ్యం కడుగుతారు. ఒకరు పంక్చరు అతుకుతారు. ఎదురు దారిలో వచ్చిన కొత్త మనుషులు కలిస్తే వాళ్ళనూ పిలిచి కూర్చోబెడతారు. ఊరూ పేరూ తరవాత. ముందు దారి గురించి అడుగుతారు. "ఏ మలుపు దగ్గర రోడ్డు తెగింది? నీళ్ళెక్కడ దొరుకుతాయి? పొద్దున్నే తెరిచే టీకొట్టు ఉందా?" ఒకరి దగ్గర అతుకు రబ్బరు అయిపోతే ఇంకొకరు ఇస్తారు. డబ్బు తీసుకోరు. అప్పు ఇచ్చినట్టు కూడా కాదు. దారిలో ఇంకెవరికో అవసరమైతే వాళ్ళు ఇస్తారు, అంతే.

ఈ స్నేహం ఇవాళ్టిది కాదు. ఇంగ్లండులో 1878లోనే సైకిలు మీద తిరిగేవాళ్ళు సంఘం పెట్టుకున్నారు. మన దేశం నుంచి 1923లో ఆరుగురు పార్సీ కుర్రాళ్ళు బొంబాయిలో బయలుదేరారు. కొందరు మధ్యలో విడిపోయారు. ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు మాత్రం ఎడారులూ కొండలూ దాటి, ప్రపంచం చుట్టి 1928లో ఇల్లు చేరారు. 1993లో ఇంకొక ఏర్పాటు మొదలైంది. దాని పేరు 'వార్మ్ షవర్స్'. అంటే వేన్నీళ్ళ స్నానం. సైకిలు మీద వచ్చినవాళ్ళకు రాత్రి చోటిచ్చి, స్నానానికి నీళ్ళిచ్చేవాళ్ళ పేర్ల పట్టిక అది. ఇవాళ తీసుకున్నవాళ్ళు రేపు తమ ఊళ్ళో ఇస్తారు. ఇప్పుడది చాలా దేశాల్లో ఉంది.

మరి వాళ్ళు ఊళ్ళోకి వస్తే?

మర్యాద తెలిసినవాళ్ళు ముందు అడుగుతారు. "అమ్మా, ఈ రాత్రికి ఇక్కడ డేరా వేసుకోవచ్చా?" అని. అడగకుండా పొలంలో దిగినవాళ్ళను లేవమనే హక్కు ఊరికుంది. గెడ్డలో సబ్బుతో గిన్నెలు తోమనివ్వకూడదు. కింది ఊరివాళ్ళు తాగేది ఆ నీళ్ళే. తెచ్చిన ప్లాస్టిక్ వాళ్ళే తీసుకుపోవాలి. నీళ్ళు కాచి తాగమని, ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి దోమతెర కట్టుకోమని చెబితే వాళ్ళకే మేలు. అన్నం వండిపెడితే దాని ధర ముందే చెప్పాలి. మొహమాటపడితే తరవాత ఇద్దరికీ ఇబ్బంది.

ఒక రాత్రి డేరా వేరు, భూమి వేరు. "ఇక్కడ క్యాంపు పెడతాం, పదేళ్ళకు కౌలు ఇవ్వండి" అని కాగితంతో వచ్చేవాళ్ళు సైకిలు బాటసారులు కారు. 1959 నాటి భూబదలాయింపు చట్టాన్ని 1970లో గట్టిపరిచారు. 1/70 అని అందరూ అనేది దాన్నే. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడమే కాదు, కౌలుకు తీసుకోవడం కూడా చెల్లదు. ఇప్పుడు చదువొచ్చింది గదా, అలాంటి కాగితం ఇస్తే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవండి. సంతకం సంగతి తరవాత.

సైకిలు ఆడవాళ్ళకు కొత్త కాదు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పారు. వేలాది పల్లె ఆడవాళ్ళు నేర్చుకున్నారు. మొదట్లో మగవాళ్ళు ఎగతాళి చేశారు. బండ మాటలు అన్నారు. వాళ్ళు మానలేదు. బస్సు కోసం కాచుకు కూర్చోకుండా సంతకు సరుకు తీసుకుపోయారు. నీళ్ళ బిందెలు క్యారేజికి కట్టుకున్నారు. పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకున్నారు. 1992 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, 1,500 మందికి పైగా ఆడవాళ్ళు హ్యాండిళ్ళకు జెండాలు కట్టుకుని, బెల్లులు మోగిస్తూ పుదుక్కోట్టై వీధుల్లో సాగిపోయారు.