కంటికి కానరాని అక్షరములు

పురానాపూలు దాటి కార్వాను వైపు సాగు బాటలో, దుకాణపు పలకలపై తెలుగు ఎడమనుండి కుడికిని ఉర్దూ కుడినుండి ఎడమకును నడచుట ఎవరికిని వింతగా తోచదు. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా మూసీపై కట్టించిన వంతెనమీద జనులు ఎదురెదురుగా వచ్చినట్లే, లిపులును ఒకే పలకపై కలిసికొనును. పలక వ్రాయువాడు చేయి తిప్పుకొన్న చాలును. కంప్యూటరు చాలవరకు అక్షరమును బట్టియే దిక్కు నెరుగును. సందేహము కలిగినచోట దానికి ఆజ్ఞ కావలెను. అందులకై యూనికోడులో కొన్ని గుర్తులు కలవు. వాటికి రూపము లేదు, పని కలదు.

మోసమునకు చోటు దొరికినది అచ్చటనే. 2021 నవంబరు 1న కేంబ్రిడ్జి పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ఈ సంగతిని వెల్లడించి, దానికి ‘ట్రోజన్ సోర్స్’ అని పేరిడిరి. ప్రోగ్రాములో మనుష్యులకొరకు వ్రాసిన వ్యాఖ్యలను యంత్రము చదువక విడిచిపెట్టును. దిక్కు మార్చు గుర్తును వ్యాఖ్యలో దాచినచో తెరపై పదముల వరుస తారుమారగును. ‘అధికారి అయినచో మాత్రమే లోనికి విడువుము’ అను షరతు పరిశీలకుని కంటికి చక్కగా కనబడుచుండును. నిజమునకు అది వ్యాఖ్యలో చిక్కుకొని యుండును. యంత్రము దానిని దాటిపోవును, తలుపు తెరచుకొనును.

కంటిని నమ్మరాదనుటకు మన సున్నయే చాలును. తెలుగు అంకె సున్నకును పూర్ణానుస్వారమునకును కన్ను భేదము చూపజాలదు. యంత్రమునకు అవి వేర్వేరు.

అట్లని రూపములేని గుర్తుల నన్నిటిని వెలివేయుట తగదు. ‘రాజ్‌కుమార్’ అను పేరులో జకారము క్రింద కకారము వత్తుగా చేరకుండ ఆపునది అట్టి గుర్తే. 2018 ఫిబ్రవరిలో అదే గుర్తు ఇమిడిన ‘జ్ఞా’ ఒకటి ఐఫోనులలోని సందేశపు ఆప్‌లను కూల్చెను. ఆపిల్ సంస్థ ఆ నెల 19న సవరణ పంపెను. దోషము అక్షరమును తెరపై చిత్రించు పద్ధతిది. అపకీర్తి మాత్రము తెలుగునకు వచ్చెను! జ్ఞానమునకు మొదటి అక్షరమే అందులకు దొరకుట చిత్రము.

దిక్కు గుర్తుల విషయమున రక్షణ కఠినమైనది కాదు. రస్ట్ భాషా కంపైలరు, మోసము బయటపడిన నాడే, దాగిన దిక్కు గుర్తులున్న పాఠమును నిరాకరింపసాగెను. గిట్‌హబ్ అట్టి పుటలపై హెచ్చరిక చూపుచున్నది. పరిశోధకులు సూచించిన మేలైన నియమము వేరొకటి కలదు: వ్యాఖ్యలోగాని, ఉద్ధరణ చిహ్నముల నడుమగాని తెరచిన దిక్కు గుర్తును అక్కడనే మూయవలెను. అప్పుడు పాతబస్తీ విద్యార్థి తన ప్రోగ్రాములో ఉర్దూ పలుకరింపు వ్రాసికొన్నను కంపైలరు అడ్డుపడదు; మూయని గుర్తు మాత్రము వాకిటనే పట్టుబడును.