పట్టపగలు ఆఫీసుల్లో లైట్లెందుకు? లైట్ సెన్సర్‌తో ఎంత ఆదా?

అబిడ్స్ జీపీఓకో, నాంపల్లిలోని గృహకల్ప, చంద్రవిహార్ లాంటి ప్రభుత్వ భవనాలకో పని మీద వెళితే, క్యూలో ఉన్నప్పుడు ఒకసారి పైకి చూడండి. ఎండ పడే కిటికీ పక్కన కూడా లైట్లు వెలుగుతుంటే ఆ బిల్లు కట్టేది మన డబ్బుతోనే.

దీనికి పరిష్కారం చూపే పరికరం మీ ఫోన్‌లోనే ఉంది. ఎండలోకి వెళ్తే స్క్రీన్ వెలుగు దానంతటదే పెరుగుతుంది కదా? ముందు కెమెరా దగ్గరుండే లైట్ సెన్సర్ పని అది. ఆఫీసుల్లో ఇలాంటిదే సీలింగ్‌కు బిగిస్తారు. కాకపోతే లెక్క తిరగబడుతుంది. బయటి వెలుగు పెరిగితే లైట్లు తగ్గాలి. ఆఫీసు పనికి టేబుల్ మీద 300 నుంచి 500 లక్స్ వెలుగు చాలు. కిటికీ నుంచి 200 వస్తే మిగిలిందే లైట్లు ఇస్తాయి. మబ్బు వచ్చి పోయినప్పుడల్లా మారితే కళ్లకు చికాకు. అందుకే కాసేపు ఆగి, మెల్లగా మారేలా సెట్ చేస్తారు.

ట్రూప్ బజార్‌లో అమ్మే డే-నైట్ సెన్సర్‌ను చూసి ఇదే అనుకోవద్దు. అది చీకటి పడితే ఆన్, తెల్లారితే ఆఫ్. గేటు దీపాలకు సరిపోతుంది. వెలుగు తగ్గాలంటే డిమ్మింగ్ డ్రైవర్ ఉన్న లైట్లు కావాలి. మామూలు ఎల్ఈడీ ట్యూబులు చాలావరకు పనికిరావు.

ఇంతకీ ఆదా ఎంత? కిటికీ వైపు 20 వాట్ల ట్యూబులు 30 ఉన్నాయనుకోండి. రోజుకు 6 గంటలు సగానికి తగ్గిస్తే మిగిలేది 1.8 యూనిట్లు. పూర్తిగా ఆర్పేస్తే 3.6. అంటే స్విచ్చే మేలు! పెద్ద వాణిజ్య భవనాల కోసం కేంద్రం తెచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి (2017) కూడా పగటి వెలుగు చేరే చోట చేతి స్విచ్‌ను ఒప్పుకుంటుంది.

చిక్కు రెండు చోట్ల. కిటికీ వరుసకు విడిగా స్విచ్ ఉండకపోతే ఒకటి నొక్కగానే హాలంతా చీకటి. కాబట్టి ముందు మార్చాల్సింది వైరింగ్. రెండోది, ప్రభుత్వ ఆఫీసులో లేచి వెళ్లి ఆర్పేదెవరు? అది ఎవరి డ్యూటీలోనూ ఉండదు. సెన్సర్ ఖర్చుకు అర్థముండేది అలాంటి చోటే. జగదీష్ మార్కెట్‌లో ఎండ చొరబడని లోపలి కొట్లకు ఇది దండగ. ఇంట్లో అయితే స్విచ్ చాలు.