చిత్తు కాగితం మీద 6.82

పొద్దున ఐదుంబావుకు అలియాబాద్ చౌరస్తాలో నిలబడితే రాజీవ్ రహదారి మీద కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. తుర్కపల్లి వైపు పోయేవి కొన్ని, కర్కపట్ల దాకా పోయేవి కొన్ని. ఎక్కేవాళ్లందరికీ మెడలో ఐడీ కార్డు, భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా. ఆ గుంపులో ఉద్యోగానికి కొత్తవాళ్లెవరో నేను ఇట్టే గుర్తుపడతాను. పాతవాళ్లు ఫోన్‌లో రీల్స్ చూస్తుంటారు, లేదంటే నిలబడే కునుకు తీస్తుంటారు. కొత్తవాళ్లు మాత్రం రాత్రి పదకొండింటికి బాస్ పెట్టిన వాట్సాప్ మెసేజ్‌నే మళ్లీ మళ్లీ చదువుకుంటుంటారు.

2016 జూన్‌లో నేనూ అక్కడ అలాగే నిలబడ్డాను.

మాది సిద్దిపేట దగ్గర పల్లె. అమ్మ బీడీలు చేసి చదివించింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అవగానే జీనోమ్ వ్యాలీలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ట్రైనీగా చేరాను. నెలకు 12,000. చౌరస్తాకు నడిచిపోయేంత దూరంలో ముగ్గురు అమ్మాయిలం కలిసి ఒక గది తీసుకున్నాం. ఆ ఏడు దసరా నాడు, అక్టోబర్ 11న, కొత్త జిల్లాలొచ్చాయి. మా ఊరు మెదక్ నుంచి సిద్దిపేట జిల్లాలోకి, అలియాబాద్ రంగారెడ్డి నుంచి మేడ్చల్ జిల్లాలోకి మారాయి. మా ల్యాబ్ బాస్, మా సారు మాత్రం మారలేదు.

ఆయన పొద్దున ల్యాబ్‌లోకి వస్తూనే ఎవరో ఒకరి బల్ల దగ్గర ఆగేవారు. ఈ ద్రావణం ఎవరు చేశారు? ఎప్పుడు చేశారు? ఎక్కడ రాశారు? మూడే ప్రశ్నలు. మూడోదానికి జవాబు తడబడితే ఇక అందరి ముందూ అరుపులే. రాత్రి కలలో కూడా ఆ మూడు ప్రశ్నలే వచ్చేవి. ఆదివారం సాయంత్రమైతే చాలు, నాకు కడుపులో తిప్పేది.

ఈ ప్రాంతంలో పనిచేయనివాళ్లకు ఇంత రాద్ధాంతం ఎందుకో అర్థం కాదు. శామీర్‌పేట చెరువు దాటాక రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఈ పల్లెల్లో ఒకప్పుడు పొలాలే. 1990ల చివర్లో ఇక్కడ జీనోమ్ వ్యాలీ మొదలైంది. ఇప్పుడు ఇక్కడ తయారయ్యేవి టీకాలు, మందులు. కోవాగ్జిన్ పుట్టింది తుర్కపల్లిలోనే. ఇక్కడి ఏ ల్యాబ్‌లోనైనా ఒక అంకె తప్పుగా రాస్తే, ఆ అంకె ఎక్కడో ఒక పసిపిల్ల ఒంట్లోకి పోతుంది. పైగా అమెరికాకు మందులు పంపే కంపెనీకి వాళ్ల మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు వస్తారు. ముందు పుస్తకాలు తీయమంటారు, మందు సంగతి తర్వాత. లోపాలు కనబడితే ఫారం 483 అనే కాగితం మీద రాసిచ్చి పోతారు. ఆ కాగితం పేరు వింటే మేనేజర్లకు చెమటలు పడతాయి. మా సారు అరుపుల్లో సగం ఆ భయానివే. మిగతా సగం ఆయన స్వభావం. నేను ఆయన్ను వెనకేసుకు రావడం లేదు.

చేరిన మూడో వారంలో జరిగింది. బఫర్ ద్రావణం పీహెచ్ చూసి పుస్తకంలో రాయాలి. పుస్తకంలో కొట్టివేత ఉంటే కారణం అడుగుతారని నాకు భయం. అందుకని చేతులు తుడుచుకునే కాగితం ముక్క మీద 6.82 అని రాసుకుని, తర్వాత నింపాదిగా పుస్తకంలోకి ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించి, ముక్కను చెత్తబుట్టలో పడేశాను. సారు వంగి ఆ ముక్క తీశారు. మడత విప్పి నా బల్ల మీద పెట్టారు.

మా పనిలో మొదట రాసిందే అసలు రికార్డు, అది చేతి తుడుపు కాగితమైనా సరే. పని ఎవరు చేశారో తెలియాలి, చదివితే అర్థం కావాలి, చేసినప్పుడే రాయాలి, మొదట రాసిందే ఉండాలి, నిజమై ఉండాలి. ఈ అయిదింటి ఇంగ్లిష్ మొదటి అక్షరాలు కలిపి ‘అల్కోవా’ అంటారు. ఆ లెక్కన నేను అసలు రికార్డును చెత్తలో పారేసి, నకలును పుస్తకంలో పెట్టాను.

పది నిమిషాలు అరిచారు. చివర్లో గొంతు తగ్గించి అన్న మాట ఒక్కటి మాత్రం గుర్తుండిపోయింది. “తప్పు పడితే గీత కొట్టి సంతకం పెట్టమ్మా, ఎందుకు కొట్టావో పక్కన రాయి. గీతలు చూస్తే నాకు కోపం రాదు. గీతలే లేని పుస్తకం చూస్తే వస్తుంది.”

బాత్రూంలోకి పోయి ఏడ్చాను. అదే మాట అరవకుండా కూడా చెప్పొచ్చు. ఆ వారంలోనే ల్యాబ్ మొత్తం వెతికితే మరో ముగ్గురి దగ్గర అలాంటి చిట్టీలే దొరికాయి. ఆయన అరుపులకు భయపడే అందరం చిట్టీలు రాశాం. ఆయన దేనికి భయపడి అరిచేవారో, దాన్నే ఆ అరుపులు పుట్టించాయి.

ఈ సంగతిని అంతకు ఇరవై ఏళ్ల ముందే ఒకరు పట్టుకున్నారని నాకు చాలా తర్వాత తెలిసింది. అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రుల్లో నర్సుల బృందాలను గమనించి 1996లో ఒక పత్రం రాశారు. మంచి పెద్దనర్సు ఉన్న చోట మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తీస్తే అలాంటి చోటే ఎక్కువ కనబడ్డాయి. అక్కడివాళ్లు ఎక్కువ పొరపాట్లు చేయలేదు, చేసినవి దాచకుండా చెప్పారు, అంతే. భయం ఉన్న వార్డులో లెక్క తక్కువ, ఎందుకంటే నోళ్లు మూసుకుపోయాయి.

ఆ శనివారం ఇంటికి పోయి ఉద్యోగం మానేస్తానన్నాను. అమ్మ ఒడిలో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తూనే వింది. బీడీలు చేసే ఇళ్లలో అందరికీ తెలిసిన మాట చాటన్. కార్ఖానాలో కట్టలు విప్పి చూసి, ఆకు చిన్నగుందనో దారం వదులుందనో బీడీలు ఏరి పారేయడం. “వెయ్యి ఏస్కపోతే నూరు తీసి పారేసెటోడు బిడ్డా. కడుపు మండేది. అయినా ఏం తప్పని అడిగి నేర్చుకున్న. ఒకనాడు బీడీలిడిసి నన్ను అన్నడు. తెల్లారి పక్కూరి కార్ఖానాల పేరు రాపిచ్చుకున్న” అంది.

మా సారు ఇంతవరకూ నా పుస్తకాన్ని తిట్టారా, నన్ను తిట్టారా? బస్సులో తిరిగొస్తూ ఒక్కొక్క అరుపే గుర్తుచేసుకున్నాను. పుస్తకాన్నే. నా ఊరినీ, నా కులాన్నీ, నా ఆడతనాన్నీ ఎన్నడూ ముట్టుకోలేదు. సరే, ఉందామనుకున్నాను.

ఉండాలనుకున్నాక కొన్ని పనులు మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు, అవసరం నేర్పింది. మొదటిది, తప్పు జరిగిన పది నిమిషాల్లో నేనే పోయి చెప్పడం. మొదటిసారి కాళ్లు వణికాయి. గడువు దాటిన బఫర్ వాడానని చెబితే అరిచారు గానీ, అరుపు రెండు నిమిషాల్లో ఆగిపోయింది. ఆ వెంటనే ఏ ఫారం నింపాలో చెప్పారు. తాను పట్టుకున్న తప్పుకు పది నిమిషాలు, మనం చెప్పిన తప్పుకు రెండు. ఈ లెక్క తెలిశాక నాకు నిద్ర పట్టింది.

రెండోది, ఆయన రోజు ఎలా నడుస్తుందో కనిపెట్టడం. తొమ్మిదిన్నరకు ఆయనకు పైవాళ్లతో మీటింగు. పదీ పావుకు దిగివచ్చేటప్పుడు ఆ ముఖం చూస్తే తెలిసిపోయేది, ఇప్పుడే ఆయన కూడా ఎవరితోనో తిట్లు తిని వస్తున్నారని. సెలవు అడగాలన్నా, అర్థం కానిది అడగాలన్నా భోజనాల తర్వాతే పోయేదాన్ని. నవ్వుకుంటారేమో, ఇది చాలా పనిచేసింది.

ఇంకోటి. నాలుగు పనులిచ్చి నాలుగూ అర్జెంటే అనేవారు. అప్పుడు నాలుగింటినీ కాగితం మీద వరసగా రాసి, “సార్, సాయంత్రానికి రెండే అవుతాయి. ఏ రెండు ముందు?” అని అడిగేదాన్ని. చాలాసార్లు “నువ్వే చూసుకో” అనేవారు. నాకు కావలసింది అదే. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే చెప్పాడు, మనిషిని ఎక్కువగా నలిపేది బరువు ఎక్కువై, చేతిలో నిర్ణయం ఏమీ లేని ఉద్యోగమని. పనుల వరస నిర్ణయించుకోవడం చిన్నదే. అయినా ఆ కాస్తతో ఆదివారం సాయంత్రం కడుపులో తిప్పడం ఆగింది.

మూడేళ్లకు మరో కంపెనీకి మారాను. అక్కడి బాస్ అసలు గొంతు పెంచరు. “తిన్నావా అమ్మా” అని అడగందే పని చెప్పరు. చేరిన రెండో నెలలో ఓ సాయంత్రం, ఆ రోజు చేసిన పరీక్షకు నిన్నటి తారీఖు వేయమన్నారు, అంతే మెత్తగా. ఆ మాట మెయిల్‌లో పెట్టండి సార్ అన్నాను. నవ్వి ఊరుకున్నారు. తర్వాత నాకు పని ఇవ్వడం తగ్గిపోయింది. నాలుగు నెలలకు బయటపడ్డాను. అరిచే బాస్‌ను తట్టుకునే ఉపాయాలు పుస్తకాల్లో బోలెడు. తియ్యగా మాట్లాడుతూ మన సంతకాన్ని అడిగే బాస్ గురించి నన్నెవరూ హెచ్చరించలేదు.

పని గంటల గురించి కూడా చెప్పాలి. సాయంత్రం కంపెనీ బస్సు తప్పితే రాజీవ్ రహదారి మీద చీకట్లో షేర్ ఆటో కోసం నిలబడాల్సిందే. అలా వారానికి మూడుసార్లు నిలబడ్డ రోజులున్నాయి, ఒక్క రూపాయి అదనంగా లేకుండా. ఫ్యాక్టరీ కార్మికులకు వారానికి 48 గంటలే పని, ఆపైన చేయిస్తే రెట్టింపు కూలి అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లూ ఆ మాటే అంటాయి. రాజీనామా చేస్తే రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని కూడా వాటిలో ఉంది. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో మీ హోదా ఏమని రాశారో ఒకసారి తీసి చూసుకోండి. సూపర్‌వైజర్ అన్న ఒక్క పదంతో ఓవర్‌టైం ఎగిరిపోవచ్చు.

ఇప్పుడు నా కింద ఆరుగురు. నిరుడు చేరిన ఒక కుర్రాడు పొద్దున బస్సు దిగగానే గోడ పక్కకు పోయి వాంతి చేసుకునేవాడు. వేడి చేసిందక్కా అనేవాడు. నెల రోజులు నేనూ నమ్మాను. అది వేడి కాదని తెలిశాక 14416 నంబర్ ఇచ్చాను. టెలీ మానస్ అని, ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో పెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. పైసా ఖర్చు లేదు, ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. మీ ఇంట్లో కొత్త ఉద్యోగానికి పోతూ తిండి మానేసిన పిల్లలుంటే ఈ నంబర్ రాసి ఫ్రిజ్ మీద అతికించండి.

పోయిన నెల మా ల్యాబ్ చెత్తబుట్టలో ఒక కాగితం ముక్క కనబడింది. దాని మీద 4.01 అని ఉంది. నియమం ప్రకారం దాని మీద రిపోర్టు రాయక తప్పదు, రాశాను. నేను అరవను. అయినా ఆ ఆరుగురిలో ఎవరికో నేనంటే భయం ఉందన్నమాట. అందరినీ కూర్చోబెట్టి నా 6.82 కథ చెప్పాను. చిట్టీ ఎవరిదో అడగలేదు. సోమవారం ఎవరూ రాలేదు, మంగళవారమూ రాలేదు. బుధవారం భోజనాలయ్యాక ఒకమ్మాయి వచ్చి నా తలుపు దగ్గర నిలబడింది.