పరుల గిడ్డంగిలో శాలిబండ సరకు

సరకును అమ్ముట వేఱు, అప్పగించుట వేఱు. అమ్మినవాడు సొమ్ము పుచ్చుకొని నిశ్చింతుడగును. అప్పగించినవానికి సొమ్మును రాదు, సరకును చేతిలో నుండదు. దానిమీది బాధ్యత మాత్రము తొలగదు. ఈ భేదము చిన్నదిగా తోచును గాని, నేడు అంతర్జాల విపణులకు సరకు పంపుచున్న మన చిన్న వర్తకుల లాభనష్టములు చాలవరకు దీనిమీదనే యాధారపడి యున్నవి.

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు దక్షిణముగా నున్న శాలిబండను నిదర్శనముగా తీసికొందము. అది అంగళ్లు గల పేట. సమీపముననే లాడ్ బజారు. అచ్చటి లక్కగాజుల ప్రశస్తి దేశమెఱిగినదే. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. ఇట్టి సరకును కోరువారు చెన్నపట్టణమున గలరు, ఢిల్లీలో గలరు. అంగడిలో కూర్చున్న వర్తకునకు వారు కానరారు. వారికి నితడు కానరాడు. ఈ ఇరువురను కలుపుదుమని విపణి సంస్థలు ముందుకు వచ్చినవి. 2015లో అమెజాన్ సంస్థ కొత్తూరునను, ఫ్లిప్‌కార్ట్ సంస్థ మేడ్చలు వైపునను గిడ్డంగులను నెలకొల్పినవి. 2017లో అమెజాన్ శంషాబాదున సుమారు 4 లక్షల చదరపుటడుగుల గిడ్డంగిని తెఱచెను. శాలిబండకు శంషాబాదు సుమారు 20 కిలోమీటర్లు. ట్రాలీ ఆటోకు గంట ప్రయాణము. కాని యా గంటకు ముందును పిమ్మటను జరుగు తంతును తెలిసికొనక సరకు పంపుట వర్తకమనిపించుకొనదు.

ఆ గిడ్డంగిలోని సరకు ఎవరిది? విదేశీ మూలధనము గల విపణి సంస్థ తన వేదికపై నమ్ముడగు సరకునకు తానే స్వామి కారాదని ప్రభుత్వము 2016లో నిబంధన చేసినది. 2018 డిసెంబరులో దానిని బిగించి 2019 ఫిబ్రవరి 1 నుండి అమలు జరిపినది. కావున అరలలో నున్న సరకు వర్తకునిదే. తాళపుచెవి మాత్రము సంస్థది. నిలువ యుంచుట, కట్టుట, కొన్నవాని యింటికి చేర్చుట సంస్థవారి పని. సరకు పాతపడుట, అమ్ముడుపోకుండుట వర్తకుని కర్మము.

పంపు విధానమిది. వర్తకుడు తాను పంపదలచిన వస్తువుల పట్టికను మొదట సంస్థలోని తన ఖాతాయందు వ్రాయవలెను. ఒక్కొక్క వస్తువునకు బార్‌కోడు చీటీ అంటింపవలెను. పెట్టెల కొలతలు, బరువు, లెక్క తెలిపి, గిడ్డంగి వాకిట దింపుటకు దినమును వేళను ముందుగా నిర్ణయించుకొనవలెను. చీటీ సరిలేనిదియు వేళ తప్పినదియు నగు సరకు వాకిటినుండియే మరలి రావచ్చును. లోనికి పోయినను, సంస్థవారు లెక్కించి నమోదు చేయువఱకు అది యమ్మకమునకు రాదు. వర్తకుని లెక్కకును వారి లెక్కకును భేదము వచ్చినచో, గడువులోపల ఋజువులతో అర్జీ పెట్టుకొనవలసినవాడు వర్తకుడే.

మిల్లు సరకునకు ఈ విధానము చక్కగా నమరును. ఒకే పోతలో పోసినట్లున్న వేయి వస్తువులకు ఒక్క సంఖ్య చాలును. చేతిపని సరకు సంగతి యట్లు కాదు. లక్కగాజులనే చూడుడు. వాని కొలతలు 2.2, 2.4, 2.6, 2.8 అని సాధారణముగా నాలుగు. రంగులు ఎనిమిది యనుకొన్నచో ఒక్క తీరునకే 32 వేర్వేఱు సంఖ్యలు, 32 చీటీలు. అందు నాలుగైదు చురుకుగా పోవును; తక్కినవి అరలలో కూర్చుండి నెలనెలకు అద్దె తినుచుండును. అద్దె ఘనపుటడుగుల లెక్కన పెరుగును. విసిగి సరకు వెనుకకు రప్పించుకొందమన్నచో దానికిని రుసుము గలదు.

కిరాయి లెక్కలో మఱియొక మెలిక యున్నది. రవాణావారు నిజమైన బరువును, పెట్టె పరిమాణమును బట్టి కట్టిన బరువును పోల్చి, రెంటిలో నెక్కువదానికి కిరాయి గొందురు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000 చేత భాగించుట సర్వసాధారణమైన పద్ధతి. 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టె ఈ లెక్కన 1.8 కిలోలగును. లోపలి గాజులు అర కిలో తూగినను కిరాయి 1.8 కిలోలకే. పగులునేమో యని పెద్ద పెట్టెలో దూది కుక్కి పంపిన వర్తకుడు తన జాగ్రత్తకు తానే జరిమానా చెల్లించుచున్నాడన్నమాట. కావున పెట్టెను సరకునకు తగినట్లు కుట్టించుకొనుట మొదటి లాభము.

ఇక పన్నుల సంగతి. నిజాము రాజ్యపు టెల్లలయొద్ద కరోడ్గిరివారు సరకు నాపి సుంకము గొనిన దినములను పెద్దలు చెప్పగా విన్నవారు నేటికిని గలరు. 1802 నాటి వాణిజ్యపు సంధినిబట్టి ఆంగ్ల రాజ్యమునుండి వచ్చు సరకుపై ఆ సుంకము నూటికి ఐదు. నేడు నాకాలు లేవు, లెక్కలున్నవి. గిడ్డంగి తెలంగాణములోనే యున్నచో వర్తకుడు దానిని తన జీఎస్టీ నమోదులో అదనపు వ్యాపారస్థలముగా చేర్చి, పన్ను లేకయే డెలివరీ చలానుపై సరకు పంపవచ్చును. విలువ 50,000 రూపాయలు మించినచో ఈ-వే బిల్లు కావలెను. అదే సరకును మహారాష్ట్రములోని భివండి గిడ్డంగికి పంపదలచినచో అచ్చట వేఱు నమోదు పొందవలెను. చట్టము దృష్టిలో శాలిబండ వర్తకుడొకడు, భివండి వర్తకుడు వేఱొకడు. తనకు తానే యమ్ముకొన్నట్లు సరకు బయలుదేరినపుడే పన్ను చెల్లింపవలెను. నూటికి ఐదు పన్ను గల చీరెలను లక్ష రూపాయల విలువకు పంపినచో, ఒక్క చీరె యమ్ముడు కాకమునుపే 5,000 రూపాయలు చేయి విడుచును. ఆ పన్నును పిమ్మట చెల్లు వేసికొనవచ్చుననుట నిజమే. కాని చిన్న వర్తకునకు చేతిలోని రొక్కమే ప్రాణము. 2023 అక్టోబరు 1 నుండి నమోదు లేని చిన్న వర్తకులు ఈ విపణులలో నమ్ముకొనుటకు సడలింపు కలిగినది గాని, అది తమ రాష్ట్రపు టెల్లలకు లోబడినది.

ధాన్యము పండించు పాఠకులు గిడ్డంగి రసీదు విలువ నెఱుగుదురు. 2007 నాటి గిడ్డంగుల చట్టము ప్రకారము నమోదైన గిడ్డంగి యిచ్చు రసీదుపై బ్యాంకులు అప్పిచ్చును. ఆ రసీదు చేతులు మారగలదు. అంతర్జాల విపణి గిడ్డంగిలో వర్తకునకు దక్కునది తెరమీద నొక సంఖ్య. 1872 నాటి ఒప్పందముల చట్టము, పరుల వస్తువును పుచ్చుకొన్నవాడు తన వస్తువునెట్లు వివేకవంతుడు కాపాడుకొనునో అట్లే కాపాడవలెనని శాసించుచున్నది. ధర్మము స్పష్టముగానే యున్నది. కాని శాలిబండ వర్తకుడొకడు పెట్టెడు గాజుల కొఱకు న్యాయస్థానమెక్కునా? ఎక్కడు. కనుకనే ఒప్పందపత్రములో నేమి వ్రాసియున్నదను విషయము అతనికి చట్టముకంటె ముఖ్యమగుచున్నది. ఆ పత్రమును వ్రాయువాడు అతడు కాడు.

ఈ సందర్భమున మోటుపల్లి శాసనము స్మరింపదగినది. 1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి దేశదేశముల నావిక వర్తకులకు అభయమొసగెను. అంతకు పూర్వపు రాజులు తుపానుచే తీరమునకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకునంతయు బలాత్కారముగా గొనుచుండిరి. తాను నిర్ణీతమైన సుంకము దక్క మఱేమియు గొననని ఆయన ప్రకటించెను. సుంకము ముప్పదింట ఒకటి. అది ఱాతిపై చెక్కబడినది, ఎవడైనను చదువుకొనవచ్చును. వర్తకుడు కోరునది సుంకము లేకుండుట కాదు, సుంకమింతయని ముందుగా తెలియుట. తన సరకు పరుల తీరమున నున్నపుడు దానిని న్యాయము లేక పోగొట్టుకొననను ధైర్యము అతనికి కావలెను.

ఐరోపా సమాఖ్య 2019లో చేసిన శాసనము ఈ మార్గముననే నడచినది. విపణి సంస్థ తన షరతులను మార్చునపుడు సాధారణముగా కనీసము 15 దినముల ముందు తెలుపవలెను. వర్తకుని ఖాతాను నిలిపినచో కారణము వ్రాసి యీయవలెను. మన దేశమున 2020 నాటి ఈ-కామర్సు నియమములు ప్రధానముగా కొనుగోలుదారుని రక్షణకై యేర్పడినవి. అమ్మువానికిని అంతటి రక్షణ కావలెనని కోరుటలో అన్యాయము లేదు.

అంతవఱకు చేతులు ముడుచుకొని యుండనక్కఱలేదు. పంపుటకు ముందు ప్రతి పెట్టెను తూచి, ఛాయాచిత్రము తీసి, బిల్టీతో భద్రపఱుపవలెను. చురుకుగా పోవు తీరులను కొద్దికొద్దిగా పంపి, తక్కినవానిని అంగడిలోనే నిలుపుకొని, గిరాకి వచ్చినపుడు ఇచ్చటినుండియే పంపవలెను. ముఖ్యముగా, పదిమంది వర్తకులు కూడి యొక సహకార సంఘముగా నేర్పడినచో, ఒకే ట్రాలీ, ఒకే కట్టుబడి శాల, ఒకే గుమాస్తా అందఱకు చాలును. ఒంటరి వర్తకుని అర్జీకంటె సంఘపు అర్జీకి బరువెక్కువ.

తాళపుచెవి నేటికి పరులచేత నున్నది. లెక్కపుస్తకమైనను మనచేత నుండనిండు.