తెల్ల కొంగకు తెలుపే ముప్పు

కొల్లేరులో చేప పడుతున్న చిన్న తెల్లకొంగ ఫోటో పంపి ఒక పాఠకుడు అడిగారు: "నీళ్ళు, గడ్డి చక్కగా వచ్చాయి. కొంగ మాత్రం తెల్లటి ముద్ద. ఎడిటింగ్‌లో ఈకలు రప్పించుకోవచ్చా?" జేపీఈజీ అయితే దాదాపు ఆశ వదులుకోవాలి. రా ఫైలు (సెన్సర్ రాసుకున్న అంకెల్ని మార్చకుండా దాచేది) అయితే కొన్నిసార్లు వస్తాయి. ఆ 'కొన్నిసార్లు' వెనకున్న సంగతి మహా రుచికరమైనది.

సెన్సర్‌లో వెలుతురు పడ్డకొద్దీ ప్రతి పిక్సెల్‌లో ఎలక్ట్రాన్లు పోగవుతాయి. ఒక్కో పిక్సెల్ పట్టేది కొన్ని పదుల వేలు మాత్రమే. చెంబు నిండాక పోసిన నీళ్ళకు లెక్కుండదు. ఆపైన రెట్టింపు వెలుతురు పడినా, పదింతలు పడినా కెమెరా రాసుకునే అంకె ఒకటే. ఈకకూ ఈకకూ మధ్యనుండే సన్నటి నీడ అక్కడే పోతుంది.

ఇందులో వెలుతురు కొలిచే కెమెరా మీటరు పాపమూ ఉంది. దృశ్యం మొత్తాన్ని సగటున మధ్యరకం బూడిద రంగుకు తేవాలని అది చూస్తుంది. ఫ్రేమంతా నల్లటి నీరు, మధ్యలో చిన్న కొంగ ఉంటే చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది. "తెల్లటివి తీసేటప్పుడు ప్లస్ పెట్టు" (అంటే మీటరు చెప్పినదానికన్నా వెలుగు పెంచు) అని నేర్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫ్రేమంతా మంచు ఉన్నప్పుడు పనికొచ్చే ఆ సలహా ఇక్కడ నిలువునా ముంచుతుంది. కొంగకు మైనస్ పెట్టాలి. "నీడల్ని చూసి ఎక్స్‌పోజర్ పెట్టు" అనేది ఫిల్ము రోజుల మాట. నెగటివ్ ఫిల్ము వెలుగు ఎక్కువైనకొద్దీ మెల్లగా మందగిస్తుంది. సెన్సర్ అలా కాదు, చివరిదాకా ఒకే తీరున లెక్కపెట్టి టక్కున ఆగిపోతుంది.

అలాగని మరీ తగ్గిస్తే నీళ్ళు గరుకు తేలతాయి. ఎందుకని? 2003లో ఫోటోగ్రాఫర్ మైకేల్ రైక్‌మన్, ఫోటోషాప్ సృష్టికర్తల్లో ఒకరైన థామస్ నోల్‌తో మాట్లాడాక, హిస్టోగ్రామ్‌ను (ఏ వెలుగు ఎంతుందో చూపే పటాన్ని) కుడివైపుకు, అంటే వెలుగు వైపుకు, నెట్టమని రాశారు. 12 బిట్ల ఫైలులో 4096 అంచెలుంటే అన్నిటికన్నా వెలుగున్న ఒక్క స్టాప్‌కే (వెలుగు రెట్టింపయ్యే ఒక మెట్టుకే) 2048 దక్కుతాయన్నది ఆయన కారణం. సలహా మంచిదే, కారణమే తప్పు! అసలు సంగతి అంచెలది కాదు, ఫోటాన్లదని చికాగో విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త ఎమిల్ మార్టినెక్ తర్వాత విడమరిచారు. ఫోటాన్లు వరుస కట్టి రావు, ఎలాపడితే అలా వచ్చి పడతాయి. సగటున 100 వచ్చే చోట 10 అటూ ఇటూ అవుతాయి, అంటే పది శాతం. 10,000 వచ్చే చోట తేడా 100, అంటే ఒక్క శాతం. వెలుగు పెరిగినకొద్దీ బొమ్మ నునుపు తేలేది ఇందుకే. కాబట్టి ఈకలు నిండిపోయే అంచుదాకా వెళ్ళి ఆగాలి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు వచ్చిన అమరికలో సగం పిక్సెళ్ళు ఆకుపచ్చను, పావు ఎరుపును, పావు నీలాన్ని చూస్తాయి. పగటి వెలుతురులో సాధారణంగా ముందు నిండేది ఆకుపచ్చ. అప్పటికి ఎరుపు, నీలాల్లో ఇంకా చోటుంటుంది. ఎడిటింగ్‌లో హైలైట్స్ స్లైడర్ తగ్గిస్తే, సాఫ్ట్‌వేర్ మిగిలిన రెంటినీ చూసి పోయిన మూడోదాన్ని ఊహిస్తుంది. కొంగ తెల్లది, తెలుపులో మూడు రంగుల పాళ్ళు ముందే తెలుసు, కనుక ఊహ దాదాపు సరిపోతుంది. పులికాట్ ఫ్లెమింగోలకు ఈ వెసులుబాటు లేదు. వాటి గులాబీ రంగు ఈక ఈకకూ మారుతుంది కనుక ఊహ తప్పుతుంది. మూడు రంగులూ నిండిపోతే మాత్రం స్లైడర్ ఎంత లాగినా వచ్చేది బూడిద రంగే. జేపీఈజీలో రంగుకు 256 అంచెలే, పైగా కెమెరా వాటిని అప్పటికే ఖరారు చేసేసి ఉంటుంది.

ఇక తీయడం గురించి. ఈ కొంగ పసుపు పాదంతో అడుగున బురద కదుపుతుంది. బెదిరిన చేప కదలగానే పొడుస్తుంది. మెడ సాగే ఆ క్షణం నిలవాలంటే షటర్ 1/2000 సెకను ఉండాలి. మీటరును నమ్మక మాన్యువల్‌లో పెట్టండి. ఎగిరిన నీటిబొట్ల మీది మెరుపులు నిండిపోతే నిండిపోనివ్వండి, వాటిలో దాచుకోవలసిందేమీ లేదు.

ఇప్పుడు ఏఐ బ్రష్షులు వచ్చి, పోయిన చోట కొత్త ఈకలు గీసి పెడుతున్నాయి. అవి ఆ కొంగవి కావు. పోటీలకు పంపే ఆలోచన ఉంటే రా ఫైళ్ళు చెరిపేయకండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వన్యప్రాణి ఫోటోల పోటీలో పైదశకు చేరినవాళ్ళను వాటినే అడుగుతారు.