బుసబుసల నిమ్మసోడా.. ఇంట్లోనే!

సోనేపూర్‌ (గంజాం): బరంపురం నుంచి తీరానికి షికారుకొచ్చినవారైనా, వేట ముగించి ఒడ్డెక్కిన మన మత్స్యకారులైనా ఎండ చుర్రుమంటే ముందు వెతికేది సోడానే. బండి కనబడలేదా? బెంగ వద్దు. గ్లాసు చల్లటి నీళ్లలో ఒక నిమ్మకాయ రసం, రెండు చెంచాల పంచదార కలపండి. తాగేముందు రెండు చిటికెల వంటసోడా వేయండి. పులుపు తగలగానే కార్బన్‌ డయాక్సైడ్‌ పుట్టి బుస్సున పొంగుతుంది. నురగ తగ్గకముందే తాగేయాలి.

సీసాలో పోసి మూత బిగించారో ముప్పే. ఒత్తిడికి గాజు పగలొచ్చు. 1872లో హైరమ్‌ కాడ్‌ పేటెంట్‌ పొందిన గోలీసోడా సీసాకు అంత మందపు గాజు అందుకే.

వంటసోడాలో సోడియం ఉంటుంది. బీపీ ఉన్నవారికి ఉత్త నిమ్మరసమే మేలు. వడదెబ్బకు ఇది మందు కాదు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే సోడా కలుపుతూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.